తిరగబడ్డ 'రా'

మా బుజ్జిదానికి నాలుగేళ్లు నిండలేదు, అప్పుడే అక్షరాల పిచ్చి పట్టుకుంది. నిద్ర లేస్తూనే పలక కావాలి. నేనింకా అచ్చులే నేర్పుతున్నాను.

ఈ పొద్దున పలక మీద 'రా' కనబడింది. దీర్ఘం మాత్రం ఎడం పక్కకు పోయింది.

"ఇదెక్కడి 'రా' తల్లీ, తిరగబడింది!" అని నవ్వాను.

"అక్కడ అలాగే ఉందమ్మా. చూసే రాశా."

సందు వైపు కిటికీ చూపించింది. అద్దం మీద సుద్దతో అదే తిరగబడ్డ 'రా'. దాని కింద వంకరటింకరగా బుజ్జిదాని చేతిరాత: 'ఆ'.

"అది 'రా' అంటమ్మా. అందుకే నేను 'ఆ' అన్నా."

"ఎవరు చెప్పారే?" అంటూనే తడిగుడ్డతో గబగబా తుడిచాను.

'ఆ' చెరిగిపోయింది. 'రా' మాత్రం ఎంత రుద్దినా పోలేదు. అది అద్దానికి అవతలి వైపు ఉంది.