గోవర్ధన్ సేటు బస్సు

"బాట అయిపోయింది, సేటూ. వచ్చి జూడు."

చింతపండు తూస్తున్న గోవర్ధన్ చేతిలో తూకం రాయి అలాగే ఆగిపోయింది. మానుకోట బజారులోని ఆ కొట్టు ముందు నిలబడ్డవాడు కొత్తగూడ అవతలి తండా పెద్ద హీర్యా. మోకాళ్ల దాకా ఎర్రమట్టి, మొహం నిండా నవ్వు.

"ఏం బాట?"

"గదేంది సేటూ! బాట లేంది బస్సు ఎట్లొస్తదని నువ్వే అంటివి గద. ఏసినం."

గోవర్ధన్ తూకం రాయి కింద పెట్టేశాడు. మానుకోట నుంచి అడవి నడిమధ్య దాకా బస్సు నడపాలన్నది ఆయన కల. ఆషామాషీ కల కాదు! బస్సుకు పేరు కూడా పెట్టేశాడు. బోర్డు రాయించి గోదాములో దాచాడు. కొనే తాహతూ ఉంది. లేనిదల్లా గుండె ధైర్యం. అందుకే హీర్యా అడిగినప్పుడల్లా ఒక సాకు. మొదట, "జై తెలంగాణ అనుకుంట మొన్ననే గద బస్సులు తగలబెట్టిండ్రు, గొడవలు సల్లబడనీ" అన్నాడు. గొడవలు చల్లబడ్డాయి. అడవికొచ్చే డ్రైవరు దొరకడన్నాడు. సర్కారు పర్మిటు ఇవ్వదన్నాడు. ఆఖరికి బాటే లేదని తేల్చేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ అడవిలో బాట వేసే మొనగాడెవడు?

"మరి వాగున్నది గద హీర్యా," అన్నాడు, కొత్త సాకు దొరికిన సంబరంతో. "బస్సు వాగు మీదికెల్లి ఎగురుకుంట వస్తదా?"

"గదే జూడమంటున్న."

లోపలి నుంచి భార్య సుగుణ వచ్చి గుమ్మంలో నిలబడింది. "పోయి చూసి రారాదుండ్రి. సాకులు అయిపోతయని భయమా ఏంది?"

ఆ మాట చురుక్కుమంది. గోవర్ధన్ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

గూడూరు దాకా లారీలో, అక్కడి నుంచి హీర్యా ఎడ్లబండిలో. దారి పొడుగునా సేటు ఎండను తిట్టాడు, దుమ్మును తిట్టాడు, బండి కుదుపులను తిట్టాడు. ఉన్నట్టుండి కుదుపులు ఆగిపోయాయి. ఏమైందా అని తలెత్తి చూసి, నోరు తెరిచి మళ్లీ మూయలేదు.

చెట్ల మధ్య ఎర్ర మొరం బాట! రెండు బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. చూపు ఆనినంత మేరా ఒకటే బాట. ఇరువైపులా జనం. ఆడా మగా, ముసలీ ముతకా, మిగిలిన గుంతల్లో మొరం ఎత్తిపోసేవాళ్లు, దిమ్మిసతో కొట్టేవాళ్లు.

"ఇంతమంది ఎక్కడోళ్లు, హీర్యా?"

"మా తండా కాడ మేం మొదలువెట్టినం. మేం ఇడిసిన కాడ కోయగూడెమోళ్లు అందుకున్నరు. ఆళ్లు ఇడిసిన కాడ ఇంకో తండా."

"కూలి ఎవలిచ్చిండ్రు?"

హీర్యా వింతగా చూశాడు. "మన బాటకు మనకు కూలేంది సేటూ?"

వాగు దగ్గర బండి ఆగింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు బండరాళ్లు పరిచి ఉన్నాయి. లంబాడా ఆడవాళ్లు వరుసగా నిలబడి అంచులు గట్టి చేయడానికి చేతుల మీదుగా రాళ్లు అందిస్తుంటే, రవికెల మీది అద్దాలు ఎండకు తళతళమంటున్నాయి.

"వానలొస్తె కొట్టుకపోదా?" గోవర్ధన్‌కు అలవాటైన నోరు ఊరుకోలేదు.

కోయగూడెం ముసలమ్మ చిలుకమ్మ నడుము నిమురుకుంటూ లేచింది. "పోతె మల్ల ఏస్తం, అయ్యా. పోయిన వానకాలం నా బిడ్డను మంచం మీద మోస్కొని దవాఖానకు పోతుంటె, గీ ఒడ్డు మీదనే పానం పోయింది. ఇంకొకల బిడ్డ గిట్ల పోవద్దు."

గోవర్ధన్‌కు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కొట్లో కూర్చుని తను పుల్లవిరిచినట్టు అన్న మాటకు, ఇక్కడ అడవే కదిలింది! సిగ్గేసింది. సిగ్గును మించిన గర్వమేదో గుండెలో పొంగింది. చెప్పులు విడిచి ఆ రాళ్ల మీద నడిచాడు. నడిచినకొద్దీ ఇన్నాళ్ల భయం ఎటు పోయిందో పోయింది. వాగు మధ్య నిలబడి గట్టిగా అరిచాడు.

"హీర్యా! ఇగ ఏ సాకూ లేదు. వచ్చే సోమవారం గోవర్ధన్ సేటు బస్సు గీ వాగు దాటకపోతె నన్ను పేరు పెట్టి పిలువకు!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హీర్యా తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు.

"సేటూ, జర కోపం చెయ్యకు. డ్రైవర్ లేడంటివి. మా జైసింగ్‌ను వరంగల్ పంపి లారీ నేర్పిచ్చినం. పర్మిటన్నవ్. కోయగూడెం లక్ష్మణ్ ఆపీసుల సుట్టు తిరిగి తెచ్చిండు. బాటన్నవ్, ఏసినం. బస్సుకు ఏమేం గావాల్నో మాకేం ఎరుక? నువ్వు చెప్పుకుంట పోయినవ్, మేం చేసుకుంట పోయినం. నీ రుణం తీర్చుకోలేం. అందుకే ముందుగాల నీకే చూపెడదామని తోలుకొచ్చిన."

"మరి ఇంకేం గావాలె హీర్యా? బస్సొక్కటే గద మిగిలింది! అది నేను తెస్తున్న గద!"

హీర్యా వెనక్కి తిరిగి చెయ్యూపాడు. అవతలి ఒడ్డున చెట్ల మాటు నుంచి పాం పాం అని హారన్ మోగింది. జనం కేరింతలు కొడుతూ పక్కకు తప్పుకున్నారు. పసుపు, కుంకుమ బొట్లతో ఒక పాత బస్సు ఊగుతూ వచ్చి రాళ్ల మీదికి ఎక్కింది.

"ఇంటికో గొడ్డును అమ్మినం సేటూ," అన్నాడు హీర్యా మెల్లగా.

బస్సు గోవర్ధన్ ముందుకొచ్చి ఆగింది. ఫుట్‌బోర్డు మీది నుంచి హీర్యా కోడలు లాలి దూకింది. భుజాన తోలు సంచీ, నోట్లో విజిల్. విజిల్ తీసి అంది.

"మానుకోటకేనా సేటూ? టికెట్ తీస్కో."