మాస్టారి గాలం

“పొద్దుటినుంచీ చూస్తున్నా. గోధుమపిండి ముద్దలతో చేపలకి టిఫిన్లు పెడుతున్నారు గానీ, ఒక్కటైనా పట్టారా మాస్టారూ?”

కొల్లూరు రేవులో కృష్ణ మోకాలి లోతే ఉంది. పక్కనే గాలం వేసి నిలబడ్డ అంకారావు అలా అంటున్నా, అచ్యుతరామయ్యగారు గాలానికి ఇంకో పిండిముద్ద తగిలించారు. తెనాలిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, గుడ్డు కూడా ముట్టని ఇంట పుట్టినవాడు. కాళ్లు లాగేస్తున్నాయి, భుజం పడిపోతోంది, ప్రాణం విసిగిపోయింది.

“నా బుట్టలో రెండు జెల్ల చేపలున్నాయి. తీసుకుని ఇంటికెళ్లండి మాస్టారూ.”

“వద్దు నాయనా. నేనే పట్టాలి.”

“ఏంటండీ ఈ మొండితనం?”

ఇక దాచే ఓపిక లేక ఆయన చెప్పేశారు. “మా ఆవిడ గంగరత్నం బాపట్ల దగ్గర సముద్రం మీద వేటకెళ్లేవాళ్ల పిల్ల. ఇంట్లో అందరూ కాదన్నా చేసుకున్నాను. నాకోసం నలభై ఏళ్లనాడు చేప మానేసింది. ఇప్పుడు టైఫాయిడ్ వచ్చి పది రోజులుగా గంజి కూడా సహించట్లేదు. ఇలాగే ఉంటే దక్కదన్నాడు డాక్టరు. నిన్న కలవరింతలో చేపల పులుసు అడిగింది. మాన్పించిన పాపం నాది. కొనుక్కెళ్తే పోతుందా?”

అంకారావు డబ్బాలోంచి ఓ వానపాము ఎర్రను తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. అది మెలికలు తిరుగుతుంటే మాస్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. శివశివా అనుకుంటూ కొక్కేనికి తనే గుచ్చారు.

మూడింటికి గాలం తాడుకి కట్టిన బెండు మునిగింది. జానెడు జెల్ల! ఆయన నీళ్లలోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు.

అంకారావు భార్య పులుసు వండి క్యారియర్లో పెట్టిచ్చింది. బస్సులో నిలబడే వచ్చి, దీపాలవేళకి ఇల్లు చేరారు మాస్టారు.

గంగరత్నం నాలుగు ముద్దలు తింది. ఇంకో గరిటె వేయించుకుంది. ఇక బతుకుతుందని నమ్మకం కుదిరాక ఆయన గోడకి జారగిలబడ్డారు. లేచే సత్తువ లేదు.

“నలభై ఏళ్లు నోరు కట్టేసుకున్నావు నాకోసం. నన్ను క్షమించు గంగా.”

గంగరత్నం నోట్లోంచి ముల్లు తీసి కంచం అంచున పెట్టింది.

“అయ్యో రామ! నెలనెలా మా అక్కని చూసొస్తానని బాపట్ల వెళ్లేది దేనికనుకున్నారండీ?”