ఏటి అవతలి సంబంధం

ఎద్దులకు నీళ్లు పెట్టాలని హులిగెమ్మ ఆదోనిలో బండి ఆపించింది. ఆపించి ఊరుకోలేదు. ఎదురుగా ఉన్న వకీలు ఇంటిని చూపించి, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా ఆయన్ను ఒక మాట అడిగి పోదామంది.

మరిది లక్ష్మప్ప విసుక్కున్నాడు. ఎమ్మిగనూరు దాటి, మర్నాడు పొద్దుగూకేలోపల తుంగభద్ర అవతలి గట్టుకు చేరాలి. అక్కడ హులిగెమ్మ కొడుకు జయన్నకు రెండో సంబంధం కుదిర్చి తాంబూలాలు పుచ్చుకోవాలి. అన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో లక్ష్మప్ప మాటే మాట. కోడలు సుంకులమ్మ కడుపు పండలేదు, వంశం నిలవాలని ఆయన పట్టుబడితే హులిగెమ్మ తలూపింది.

సుంకులమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని బండి దిగింది. మొదటి భార్య తన నోటితో సమ్మతి చెప్పాలని పెళ్లికూతురి వాళ్లు కోరినందుకే ఆమెను వెంట తెచ్చారు. ఆస్పరి దాటినప్పటి నుంచి అత్త ఆమె వైపు తిరిగి చూడలేదు. బండి తోలుతున్న జయన్న మాత్రం, ఆమె మీద ఎండ పడినప్పుడల్లా ఎద్దుల్ని చెట్టు నీడకు మళ్లించి, ఎందుకో చెప్పకుండా కాసేపు ఆపేవాడు.

వకీలు అరుగు మీద లక్ష్మప్పే మాట మొదలుపెట్టాడు.

"మన ఆంధ్రాలో రెండో పెండ్లి కుదరదని తెలుసప్పా. మద్రాసోళ్లు ఎప్పుడో చట్టం పెట్టిపోయిరి. అందుకే ఏరు దాటతాండాం. ఆపక్క హైదరాబాదు రాష్ట్రం. ఆడ అడ్డం లేదు గదా."

"నిన్నమొన్నటి దాకా లేదు" అన్నాడు వకీలు. ఈ ఎండాకాలంలోనే ఢిల్లీలో హిందువుల పెళ్లిళ్లకు కొత్త చట్టం వచ్చిందని, భార్య బతికుండగా ఏ రాష్ట్రంలో ఇంకో పెళ్లి చేసుకున్నా చెల్లదని, చేసుకున్నవాడికి జైలు తప్పదని చెప్పాడు.

అవతలి రాష్ట్రం ఒప్పుకున్నాక మధ్యలో ఢిల్లీకేం పనని లక్ష్మప్ప వాదించాడు.

"దేశమంతటికీ ఒక చట్టం చేసినాక, దానికి ఎదురుపోయే రాష్ట్ర చట్టం నిలవదు పెద్దాయనా. ఏరు దాటినా అంతే, కాశీకి పోయినా అంతే."

లక్ష్మప్ప సుంకులమ్మ వైపు తిరిగాడు. "మొదటి పెండ్లామే ఒప్పుకుంటే?"

సుంకులమ్మ కొంగు తీసి జయన్నను చూసింది. అతను తలొంచుకుని నేలను చూస్తున్నాడు. ఆ చేతుల్లో ఒక బిడ్డ ఆడుతుంటే చూడాలని ఆమెకూ ఉంది. ఆ బిడ్డ తన కడుపున పుట్టకపోయినా సరే.

"నాకు సమ్మతమే సామీ" అంది.

వకీలు తల అడ్డంగా ఊపాడు. "నీకు సమ్మతమైనా చట్టానికి సమ్మతం కాదు తల్లీ."

లక్ష్మప్ప కండువా దులుపుకుని లేచి, ఢిల్లీని తిట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు. జయన్న కూడా లేచాడు. భార్య పక్కకొచ్చి ఆగాడు. పొద్దుటి నుంచి అతను నోరు విప్పడం అదే మొదలు.

"ఇంటికి పోదాం పా, సుంకీ."

కళ్లు తుడుచుకుని, బండిని ఆస్పరి వైపు తిప్పడానికి గబగబా వెళ్లాడు. సుంకులమ్మ అరుగు చివర స్తంభం పట్టుకుని నిలబడింది. వెనక అత్త ఇంకా లేవలేదు. ఆమెతో వకీలు గొంతు తగ్గించి అంటున్న మాట వినిపించింది.

"మొన్న సంతకొచ్చి, నా కోడల్ని కాపాడు సామీ అని ఏడ్చి పోతివి గదా హులిగెమ్మా, మీ మరిదికి ఈ మాత్రం చెప్పింది చాలునా?"