గేటు వదలని మనిషి

"గేటు తియ్యి డెల్!" అరిచాడు మైరన్.

డెల్ తియ్యలేదు.

మంచు గచ్చు మీద హాకీ ఆడే ఆ ఊరి ఐస్ రింకులో డెల్‌కి ఉన్న పని అదొక్కటే. ఆడి అలిసిన పిల్ల లోపలికి వస్తే మంచుకీ బెంచికీ మధ్య గేటు తియ్యాలి, మళ్లీ వెయ్యాలి. రోజూ వచ్చి ఊరికే నిలబడుతున్నాడని జాలిపడి, కోచ్ మైరనే ఇచ్చిన పని.

డెల్, స్కూలు బస్సు నడిపే ఒడెట్‌కి తమ్ముడు. ఎక్కడినుంచో వచ్చి అక్క ఇంట్లో చేరాడు. మాసిన గడ్డం, బానపొట్ట, ఇంట్లో కూడా నల్లద్దాలు. నడిస్తే తూలేవాడు. స్కోరు చెప్పిన మరునిమిషమే మళ్లీ స్కోరెంత అనేవాడు.

"పొద్దున్నే మందు పట్టించి వచ్చాడ్రా" అని క్యాంటీన్ దగ్గర ఆలుగడ్డ కూరిన పెరోగీలు తింటూ జనం నవ్వుకునేవాళ్లు. మైరన్ కూడా నవ్వేవాడు.

ఇవాళ మాత్రం నవ్వే తీరిక లేదు. అమ్మాయిల ఫైనల్. స్కోరు సమం. ఆట ఆఖరికొచ్చింది. ఆ ఊరు ఇంతవరకూ కప్పు మొహం చూడలేదు.

సరిగ్గా అప్పుడే మైరన్ కూతురు లేస్యాని పక్క ఊరి జట్టు పిల్ల రింకు చుట్టూ ఉండే నడుమెత్తు గోడకేసి కొట్టింది. తల గోడకి తగిలి లేస్యా పడిపోయింది. కాసేపటికి తనే లేచి బెంచి దగ్గరికొచ్చింది.

పడ్డవాళ్లు లేస్తే రెండు జట్లూ హాకీ కర్రలు మంచు మీద టకటకలాడించడం వాళ్ల మర్యాద. ఆ చప్పుడు చెవిన పడ్డాక 'నాకు బాగాలేదు' అనే నోరు ఎవరికుంటుంది?

"బానే ఉన్నావా తల్లీ?"

"బానే ఉన్నా నాన్నా. పంపించు."

మైరన్‌కి ఆ మాట చాలు. డెల్‌కే చాల్లేదు. రెండు చేతులతో గేటు పట్టుకుని అడ్డంగా నిలబడిపోయాడు.

"రోజూ గోడ మీంచి దూకే పిల్ల కోచ్. ఇవాళ గేటెందుకు అడుగుతోంది?"

"నీకెందుకు? జరుగు!"

"దాని కళ్లు చూడు."

"నువ్వు స్కోరు చూడు! నీ బుర్ర పాడైతే అందరి బుర్రలూ పాడైనట్టేనా?"

"పాడవకూడదనే."

మైరన్ భుజంతో తోశాడు. కదల్లేదు. కాలర్ పట్టుకుని లాగాడు. కదల్లేదు. ఇక ఒళ్లు తెలియలేదు మైరన్‌కి. పిడికిలి బిగించి మొహం మీద గుద్దాడు.

నల్లద్దాలు ఎగిరిపడ్డాయి. పెదవి చిట్లింది. డెల్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేతులు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

మైరన్ ఇంకోటి గుద్దాడు. ఇంకోటి.

ఈ రభసలో అవతలివాళ్లు గోల్ కొట్టేశారు. ఆట ముగిసింది.

"కప్పు తినేశావు కదరా తాగుబోతు వెధవా!" పైనుంచి ఎవరో కాఫీ కప్పు విసిరారు.

"రేపట్నుంచి నీ మొహం ఇక్కడ కనబడకూడదు" అన్నాడు మైరన్.

డెల్ తల ఊపాడు. "స్కోరెంత కోచ్?" అన్నాడు.

కొంతసేపటికి, బట్టలు మార్చుకునే గదిలో లేస్యా హెల్మెట్ తీసి, భళ్లున వాంతి చేసుకుని, కూలబడిపోయింది.

దగ్గరి పట్నం సాస్కటూన్‌లో, ఆసుపత్రిలో డాక్టరమ్మ మైరన్‌ని పక్కకి పిలిచింది. "మెదడు వాచింది. దీనిమీద ఇంకొక్క దెబ్బ తగిలుంటే బతికేది కాదు. సమయానికి ఆపారు."

ఆపింది తను కాదని చెప్పకుండానే మైరన్ తలూపాడు.

లేస్యా కోలుకుని ఇంటికొచ్చేసరికి మంచు కరిగింది. మర్నాడే మైరన్ సిగ్గు చంపుకుని ఒడెట్ తలుపు తట్టాడు.

"ఆలస్యం చేశావు మైరన్" అంది ఒడెట్. "పోయిన వారమే వెళ్లిపోయాడు. నిద్రలోనే."

మైరన్ టోపీ తీశాడు.

"మెదడు డాక్టర్లకిచ్చాం. బుద్ధి సరిగ్గా ఉన్నప్పుడే అడిగి మాట తీసుకున్నాడు, ఆడే పిల్లలకి పనికొస్తుందని."

"నేను... నేనతన్ని కొట్టానండీ."

"తెలుసు. వాడు తిరిగి కొట్టాడా?"

"లేదు. చెయ్యి కూడా ఎత్తలేదు."

ఒడెట్ కుర్చీలో కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"తాగుడు కాదయ్యా, తల మీద దెబ్బలు తినీ తినీ వచ్చిన జబ్బు. చెయ్యి వాడి మాట వినేది కాదు. ఆ వంటింటి తలుపు చూడు, ఎలా పగిలిందో. వెనకనుంచి భుజం మీద చెయ్యి వేస్తే చాలు, పిడికిలి లేచేది. ఎప్పుడు కొడతానోనన్న భయంతోనే కట్టుకున్నదాన్ని వదిలి వచ్చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చాక వాడి వేళ్లు విచ్చుకోలేదయ్యా. వేణ్ణీళ్లలో పెట్టి ఒక్కొక్కటీ విప్పాను. గేటు అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడర్థమైంది."

మైరన్ ఆ పగిలిన తలుపు వైపు చూశాడు. "అసలు ఎవరండీ ఆయన?"

"పేరు తెలిస్తే ఊరుకోరు మైరన్. పోయిన ప్రతిచోటా ఎవడో ఒకడు 'రా, నన్ను కొట్టు చూద్దాం' అని మీదికొచ్చేవాడు. అందుకే దాచాను."

చెప్పింది.

డెల్ అంటే, పెద్ద హాకీ లీగులో జట్టు కోసం కొట్లాడడమే పనిగా, ఎదురొచ్చిన ఒక్కణ్ణీ నిలబడనివ్వని బుల్డోజర్ కోర్మియే! పడుచువాడిగా మైరన్ టీవీ ముందు గంతులేసి చూసిన ఆ పిడికిళ్లే, ఆ రోజు తన దెబ్బలన్నీ తింటూ, తన కూతురి ప్రాణాన్ని వదలకుండా పట్టుకున్నాయి.