తొకల్ చేసిన నేరం

అత్తగారు ఆస్పత్రి నుంచి తిరిగొస్తోందని తెలిసిన పొద్దున మక్‌పాల్ వాకిలి రెండుసార్లు ఊడ్చింది. సంతోషంతో కాదు. భయంతో.

ఆవిడ గేటు దాటగానే అడిగే మొదటి మాట ఏమిటో తెలిసిందే. నా తొకల్ ఏది?

తొకల్ అంటే చిన్నపెళ్ళాం. అందరూ అపా అని గౌరవంగా పిలిచే అత్తగారు కుల్యాష్ పెంచుకుంటున్న బూడిదరంగు పిల్లికి ఆ పేరు పెట్టింది ఆవిడ మొగుడే. ఇంటికొచ్చిన రోజు నుంచీ అది ఆయన ఒళ్ళో కూర్చుని, అపా దగ్గరికొస్తే బుస్సుమనేదట. ఆయన పోయాక సవతులిద్దరూ ఒకే దుప్పట్లో పడుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడా పిల్లి ఇంట్లో లేదు. లేకుండా చేసింది మక్‌పాలే.

ఆ వేసవిలో అంటురోగం భయంతో తల్గర్ ఊరంతా గేట్లు బిగించుకుని కూర్చుంది. మక్‌పాల్ మొగుడు ఎర్జాన్ దూరాన చమురు బావుల దగ్గర పనిలో ఉండిపోయాడు. ఇంట్లో మిగిలింది అత్త, కోడలు, పిల్లి. మక్‌పాల్ అత్తగారిని కంటికి రెప్పలా కాచుకుంటోందని వీధంతా చెప్పుకునేవాళ్ళు. తోడబుట్టిన చెల్లెలి పెళ్ళికి కూడా గడప దాటలేదు, ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుందని పక్కింటి షోల్పన్ గోడ మీంచి మెచ్చుకునేది. మక్‌పాల్ తల దించుకుని లోపలికి వెళ్ళిపోయేది. పొగడ్త అంటే సిగ్గు కాబోలని షోల్పన్ ఇంకా మురిసిపోయేది.

ఒకరోజు పొయ్యి మీద పాలు మాడిపోయాయి. ఇల్లంతా కంపు కొట్టినా, పక్కనే కూర్చున్న మక్‌పాల్‌కి తెలియలేదు. నీకు పరాకు ఎక్కువైందే అని అపా నవ్వింది. ఆ వారంలోనే అపాకి జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం.

అపాని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికొచ్చిన డాక్టరమ్మ వాకిట్లో నిలబడే ప్రశ్నలు వేసింది. ఇంటికి ఎవరొచ్చారు, మీరెక్కడికెళ్ళారు అని. ఎవరూ రాలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు అని చెప్పింది మక్‌పాల్.

"మరి ఆకాశం నుంచి ఊడిపడిందా తల్లీ?"

మక్‌పాల్ చూపు కిటికీలో కూర్చున్న పిల్లి మీద పడింది.

"షోల్పన్ వాళ్ళింట్లో అందరికీ జ్వరాలే. మా పిల్లి రోజూ ఆ గోడ దూకి వెళ్ళొస్తుంది" అంది.

స్ట్రెచర్ మీద అపా కళ్ళు తెరిచి ఏదో అనబోయింది. ఈలోగా ముక్కుకీ నోటికీ కలిపి ఆక్సిజన్ మాస్కు తొడిగేశారు.

సాయంత్రానికల్లా ఆ మాట వీధి చుట్టేసింది. నిన్నటిదాకా పిల్లుల్ని పక్కలో పడుకోబెట్టుకున్నవాళ్ళు సంచుల్లో వేసి ఊరవతల వదిలొచ్చారు. పడుతూ లేస్తూ ఎర్జాన్ వచ్చాడు. ఆస్పత్రిలో తల్లిని చూడనివ్వలేదు. ఆ కోపమంతా పిల్లి మీదికి మళ్ళింది. ఏట్లో ముంచేస్తానన్నాడు. మక్‌పాల్ కాళ్ళావేళ్ళా పడితే, కొండ మీది గొర్రెల మంద దగ్గర వదిలేసి రావడానికి ఒప్పుకున్నాడు.

సంచిలోంచి అది అరుస్తుంటే ఆమె చెవులు మూసుకుంది. నోరులేని జీవం ఉసురు పోసుకున్నానని ఏడ్చింది. అపా బతికితే చాలనుకుంది. బతుకుతుందని తెలిశాక, ఆవిడ ముఖం ఎలా చూడాలా అని మళ్ళీ ఏడ్చింది.

అపా వచ్చింది. మనిషి సగమైపోయింది. అనుకున్నట్టే తొకల్ ఏదని అడిగింది. జరిగింది ఎర్జాన్ చెప్పాడు. ఆవిడ టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది మక్‌పాల్‌కి.

పలకరించడానికి వచ్చిన పశువుల డాక్టరు తుర్సిన్ గుమ్మం బయటే ఆగాడు. పిల్లి సంగతి విని తలాడించాడు. మనుషుల నుంచి పిల్లులకి అంటిందని విన్నానే గానీ, ఇంట్లో పిల్లి వల్ల మనిషికి వచ్చిందని తానైతే వినలేదన్నాడు.

"రోగాన్ని పిల్లి మీదా ఎలుక మీదా పెడితే ఎట్లా ఎర్జాన్?"

ఎర్జాన్ ముఖం పాలిపోయింది. మరి ఇంట్లోకి ఎలా వచ్చిందని అడిగాడు.

"పిల్లే తెచ్చింది" అంది మక్‌పాల్. "గొర్రెలకి సూదులేసే మీకు మనుషుల జబ్బులేం తెలుసు?"

పెద్దల ఎదుట ఆ కోడలు గొంతు పెంచడం అదే మొదలు. తుర్సిన్ నొచ్చుకోలేదు. పాపం తొకల్ తరఫున వాదించే వకీలు లేడు కదమ్మా అని నవ్వి, సెలవు తీసుకున్నాడు. ఎర్జాన్ ఆయన్ని సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాడు.

మక్‌పాల్ అత్తగారి గిన్నెలో మళ్ళీ టీ పోసింది. సగం బల్ల మీదే పోసింది. అపా ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"రేపు మీ ఆయన్ని వెంటబెట్టుకుని కొండకెళ్ళి, నా తొకల్ని వెతికి తీసుకురా. అది పక్కన లేకపోతే నిద్ర పట్టట్లేదని నేనన్నానని చెప్పు."

"మళ్ళీ మీకేమన్నా అయితే, అపా?"

అపా గేటు వైపు చూసింది. కొడుకు ఇంకా అక్కడే మాట్లాడుతున్నాడు. ఆవిడ గొంతు తగ్గించింది.

"పిచ్చిదానా, ఎవరికీ తెలీకుండా నువ్వెళ్ళొచ్చిన మీ చెల్లెలి పెళ్ళివిందు నుంచి నాకోసమని దాచి తెచ్చి, నీ చేత్తో నోట్లో పెట్టిన మాంసం ముక్కని, వద్దంటే శుభం కాదని తిన్నది నేనే కదే."