తడి ఆరని మట్టి

మొక్కల నర్సరీ ఆవిడ తెల్లకాగితం కొమ్మ కింద పట్టి, వేలితో రెండు దెబ్బలు కొట్టింది. కాగితం మీద కాస్త దుమ్ము, సూదుల్లాంటి నాలుగు ఎండుటాకులు రాలాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఏమైనా కదులుతోందా అండీ?" కోడలు ఆత్రంగా అడిగింది.

"లేదమ్మా. నల్లి పట్టి ఉంటే ఈ దుమ్ములో చుక్కలు పాకుతాయి. పురుగు కాదు."

గుమ్మానికి ఎడమవైపున్న ఆ జూనిపర్ పొద మొన్నమొన్నటిదాకా నడుమెత్తున గుబురుగా ఉండేది. ఇప్పుడు కింది కొమ్మలన్నీ ఇటుకరంగుకి తిరిగాయి. కోడలు దాన్ని గుప్పెడంత మొక్కగా ఉన్నప్పుడు తెచ్చి పెంచుకుంది. అందుకే సెలవు రోజైనా నర్సరీకి ఫోన్ చేసి ఆవిడని రప్పించింది.

"చూశారా నాన్నా, మీ కోడలు చెట్టుకి డాక్టరుని పిలిచింది. నాకు జ్వరమొస్తే మాత్రం మిరియాల కషాయమే!" మెట్ల మీద కూర్చున్న భర్త అన్నాడు.

వరండా కుర్చీలో ఉన్న మామగారు నవ్వలేదు. ముందున్న వాకర్ మీద రెండు చేతులూ ఆనించి, పొద వైపే చూస్తున్నాడు.

నర్సరీ ఆవిడ ఎండిన కొమ్మని విరిచింది. పచ్చదనం ఆగిపోయిన చోట నల్లటి చుక్కలేమైనా ఉన్నాయేమోనని వెతికింది. లేవు. అంటే బూజు తెగులూ కాదు. చివరికి పొద మొదలు దగ్గర మట్టి తవ్వి, ఒక వేరు పట్టి లాగింది. దాని పైతోలు తడిసిన కాగితంలా వేళ్ళకి ఊడొచ్చింది. మురుగు వాసన గుప్పుమంది.

"మొక్కని పెంచుతున్నారా, చేపల్నా?" అంది ఆవిడ చేతులు దులుపుకుంటూ. "వేరు కుళ్ళిపోయింది. గుమ్మానికి అటుపక్కనున్న ఇదే రకం పొదకి ఏ జబ్బూ లేదు, గమనించారా?"

"దానికెవరూ నీళ్ళు పోయరు. వానకి తడిస్తే తడిసినట్టు" అన్నాడు భర్త.

"అందుకే బతికింది. ఈ మొక్కకి దాహం తక్కువ. దీనికి రోజూ ఎవరు పోస్తున్నారు ఇన్ని నీళ్ళు?"

"నేనే పోస్తానండీ. కానీ వారానికి ఒక్కసారే. అంతకంటే చుక్క ఎక్కువ పోయను" అంది కోడలు.

"ఒక్కసారి పోస్తే మట్టి ఇలా బురదవ్వదమ్మా."

"నేను చెప్పేది నిజమండీ. దీన్ని నేను చంపుకుంటానా?" కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.



"నేనే పోశాను" అన్నాడు మామగారు. "పోశానన్న సంగతి మరిచిపోతాను. మళ్ళీ పోస్తాను."

కొడుకు మెట్ల మీంచి లేచాడు. "మొన్న స్టవ్ కట్టెయ్యకుండా వదిలేసింది కూడా మీరేనా?"

"నేనే."

"నా ఆఫీసు తాళాలు బియ్యం డబ్బాలో పెట్టింది?"

"నేనేరా."

"ఇక నావల్ల కాదు నాన్నా. నేను పొద్దున పోయి సాయంత్రానికి గానీ రాను. ఈలోగా ఇల్లు అంటుకుంటే? ఆ ఓల్డేజ్ హోమ్‌లో చేరిపోండి. అక్కడైతే కనిపెట్టుకుని ఉంటారు."

"మామయ్యని పంపించడానికి వీల్లేదు!" కోడలు వరండాలోకి పరుగెత్తి, ముసలాయన కుర్చీ పట్టుకుంది. "నేనున్నాను కదా, నేను చూసుకుంటాను."

పెద్దాయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్, నన్ను పంపకురా. దానికి బదులు పగలు ఇంట్లో ఉండేందుకు ఒక మనిషిని పెట్టు. ఓపికున్న మనిషిని. కోప్పడని మనిషిని."

"ఇంట్లో మీ కోడలుండగా ఇంకో మనిషెందుకు?"

"ఈ ఒక్క కోరికా తీర్చరా. ఇంకేమీ అడగను."

తండ్రి అలా బతిమాలడం కొడుకెప్పుడూ చూడలేదు. "సరే, పెడతాను" అన్నాడు.

నర్సరీ ఆవిడ కల్పించుకోలేదు. కానీ నీళ్ళ పైపు ఎక్కడా కనిపించలేదు. కుళాయి కింద పెద్ద ఇనుప బకెట్టు ఒక్కటే ఉంది. రెండు చేతులూ వాకర్‌కే చాలని మనిషి దాన్నెలా మోశాడు?

తర్వాతి వారం ఆవిడ ముతక ఇసుక తీసుకుని వచ్చింది. పనిమనిషిలా కాక ఇంటి మనిషిలా మెసలుతున్న కొత్తగా కుదిరిన నడివయసు ఆవిడ తలుపు తీసి, పెద్దాయనని వరండాలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. నర్సరీ ఆవిడ పొదని పెళ్ళగించి, నల్లబడిన వేళ్ళు కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిని గట్టులా ఎత్తుచేసి, అందులో మళ్ళీ నాటింది.

"ఎండిన కొమ్మలు మళ్ళీ పచ్చబడతాయా అమ్మా?" పెద్దాయన అడిగాడు.

"పడవు. పోయింది పోయినట్టే. మిగిలినదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి."

"అలాగే చూసుకుంటాం."

నర్సరీ ఆవిడ ఉండబట్టలేకపోయింది. "పెద్దాయనా, ఏమీ అనుకోకండి. ఆ బకెట్టు మోసింది మీరు కాదు. మీ కోడలు అబద్ధమాడితే ఆ నింద మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"ఆ పిల్లకి అబద్ధం చెప్పడం రాదమ్మా" అన్నాడాయన నెమ్మదిగా.

తలుపు చప్పుడైంది. కోడలు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది.

"రండమ్మా, మీ పొద ఎలా ఉందో చూసుకోండి" అంది నర్సరీ ఆవిడ.

కోడలు మర్యాదగా నవ్వి, "ఎవరు కావాలండీ?" అంది.