అందినట్టు ఒక సంతకం

“మీ బాపు కొలువు మానేస్తనంటే ఆపెటందుకు వాడెవడమ్మా?” అని వకీలు రాజేశ్వర్ రావు బల్ల మీద చరిచేసరికి గాజు పేపర్‌వెయిట్ ఎగిరి పక్కకు జరిగింది. శ్రావణి ఉలిక్కిపడి కుర్చీ అంచుకు వచ్చేసింది.

మట్టెవాడలో స్టీలు సామాన్ల దుకాణం పైన ఉంటుంది ఆ ఆఫీసు. కింద బిందె చప్పుడైనా, మెట్ల మీద అడుగు పడినా ఆమె చూపు తలుపు వైపే పోతోంది. వచ్చి పావుగంట కాలేదు, చున్నీ కొసను వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. యజమానంటే భయం కాబోలని వకీలుగారు జాలిపడ్డారు. జాలిపడటానికి ఆయన పెట్టింది పేరు. మూలన కంప్యూటర్ ముందు కూర్చుని కాగితాలు టైపు చేసే మున్షీ మాత్రం తలెత్తలేదు. ఆ మనిషి గదిలో ఉన్న సంగతి ఏదైనా పని పడినప్పుడు తప్ప వకీలుగారికి గుర్తుండదు.

శ్రావణి చెప్పిన కథ చిన్నదే. వాళ్ల బాపు ఒకే యజమాని దగ్గర పందొమ్మిదేళ్లుగా రాతపని చేస్తున్నాడు. ఇప్పుడు ములుగులో ఒక హాస్టల్ స్కూలు వాళ్లు క్లర్కుగా రమ్మన్నారు. వచ్చే నెలాఖరుకల్లా చేరాలి, పాత చోట రాజీనామా ఇచ్చినట్టు కాగితం చూపించాలి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది. యాభై మూడేళ్ల మనిషిని మళ్లీ ఎవరు పిలిచి నౌకరి ఇస్తారు?

“మూడుసార్లు రాసిచ్చిండు సార్. ఒకసారి సొరుగుల పడేసిండు. ఒకసారి దసరా పోనియ్యి అన్నడు. ఇంకోసారి చాయ్ తాగు అని మాట మార్చిండు. మా బాపుకు ఆయన ముంగట నోరు లేవదు.”

“అసలు మంచిగనన్న చూసుకుంటడా?”

“తిట్టడు సార్. కని పండుగ పూట గూడ ఇంట్ల కూసొని బువ్వ తిననియ్యలే. పిల్లలెంతమందని ఒక్కనాడు అడుగలే.”

వకీలుగారి మొహం ఎర్రబడింది. అలాంటివాళ్ల వల్లే లోకం ఇట్లా ఉందని, మనిషిని మనిషిగా చూడటం తెలియదని ఆయన కాసేపు మండిపడ్డారు. మూలన మున్షీ దగ్గాడు. “చాయ్ తాగు, దగ్గు తగ్గుతది” అని వకీలుగారు అటు చూడకుండానే అనేసి, ఆ యజమాని పేరేమిటని శ్రావణిని అడిగారు.

ఆమె గబుక్కున తల అడ్డంగా ఊపింది. “పేరొద్దు సార్. గీ ఊర్లనే ఉంటడు. నేను చెప్తే ఇయ్యాలనే ఎర్కైతది.”

“సరే, పేరు లేకున్నా చట్టం మారదు. బాండు గీండు రాసిచ్చిండా?”

“ఏం లేదు సార్. నోటిమాటనే.”

“ఇగ ఫికరెందుకు? రాజీనామా అంటే అడుక్కునేది కాదమ్మా, చెప్పేది. నెల ముందుగాల నోటీసియ్యాలె. అది చేతికి అందిన దినం నుంచి నెల లెక్క. ఆ నెల దాటినంక వాడు ఒప్పుకున్నా ఒకటే, ఒప్పుకోకున్నా ఒకటే. బలవంతంగ చేయించుకుంటే దాన్ని వెట్టి అంటరు.”

తర్వాత వరసగా దారులన్నీ చెప్పారు. ముట్టినట్టు రసీదు వచ్చేలా రిజిస్టర్ పోస్టులో పంపొచ్చు. విడుదల కాగితం ఇవ్వనంటే లీగల్ నోటీసు, దానికీ కదలకపోతే లేబర్ ఆఫీసు, ఆపైన కోర్టు. అన్నిటికన్నా సులువైనది మాత్రం ఆఖర్న చెప్పారు.

“రెండు కాపీలు తియ్యి. ఒకటి వానికిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం పట్టాలె. అది పడ్డదా, ఇగ వాని తాత దిగొచ్చినా ఆపలేడు. మున్షీ, రాసుకో.”

ఆయన కళ్లు మూసుకుని చెబుతుంటే మాట పూర్తి కాకముందే అక్షరాలు పడిపోతున్నాయి. పేరూ వివరాలూ ఈ అమ్మను అడిగి వేసుకోమన్నారు. ప్రింటర్ మూలిగి రెండు కాగితాలు బయటికి తోసింది.

ఇంతలో హనుమకొండ కోర్టు నుంచి ఫోను. కేసు పిలుస్తున్నారట. వకీలుగారు నల్లకోటు తొడుక్కుంటుంటే మున్షీ రోజూలాగే కాగితాల కట్ట ముందు పెట్టాడు. వకాలత్‌నామాలు, అవతలి వకీళ్లు పంపిన కాపీలు. వాటి మీద అందినట్టు సంతకాలు పెట్టడం రోజూ ఉండేదే. మున్షీ వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ ఆయన పెన్ను నడుస్తుంది. చూపు మాత్రం ఎదుటి మనిషి మీదే ఉంటుంది. ఇవాళ కూడా శ్రావణిని చూస్తూనే, నిలబడే, గబగబా గీకేశారు. శ్రావణి కూడా ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

“ధైర్యంగుండు అమ్మా. సంతకం పడ్డంక గూడ వాడు మొండికేస్తే నా దగ్గరికి రా. నేనే నోటీసిస్త” అని మెట్లు దిగి వెళ్లిపోయారు. కారు చప్పుడు దూరమయ్యేదాకా ఆమె కుర్చీలోంచి కదలలేదు.

మున్షీ కట్టలోంచి ఒక కాగితం తీసి, వకీలుగారి బల్ల మీద ఎదురుగా కనిపించేలా పరిచి, దాని మీద పేపర్‌వెయిట్ పెట్టాడు. సంతకం పడ్డ రెండోది మడిచి జేబులో వేసుకున్నాడు. పొద్దుటినుంచి విప్పని నోరు అప్పుడు విప్పాడు.

“పా బిడ్డా, సార్ నా రాజీనామా అందుకున్నడు.”